కాలేయం ముందు ఎవరికి? మెల్డ్ మార్కుల సంగతి



కాలేయం పూర్తిగా పాడైపోయి, మార్పిడి కోసం పేరు నమోదు చేయించుకుని ఎదురుచూస్తున్నవారు పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్నారు. హైదరాబాదులోనో, విజయవాడలోనో, చెన్నైలోనో పేరు రాయించుకుంటారు. మధ్యమధ్యలో రక్తపరీక్షలకు, పొట్టలో చేరిన నీరు తీయించుకోవడానికి మా దగ్గరకు వస్తుంటారు. ఆ కుటుంబాల నుంచి మాకు తరచు వచ్చే ప్రశ్న ఒకటుంది. "మా ఆయన పేరు రాయించి ఏడాది దాటిందండీ. మా తర్వాత ఎప్పుడో రాయించుకున్నాయనకు ఆపరేషన్ కూడా అయిపోయింది. డబ్బు పనిచేసిందా, పలుకుబడి పనిచేసిందా?"

అలా అడగడంలో తప్పేమీ లేదు. జవాబు మాత్రం ఒక్క మాటలో తేలదు. అందుకే ఈసారి ఈ పేజీని దీనికే కేటాయించాము.

ముందుగా ఒక విషయం. గుంటూరు మిర్చి యార్డులో ముందు వచ్చిన సరుకు ముందు కాటాకు వెళ్ళాలని ఆశిస్తాము. ఆసుపత్రిలో ఆ పద్ధతి నడవదు. పత్తి చేలో పాము కరిచిన మనిషిని ఆటోలో తెస్తే, పొద్దుటి నుంచి చీటీ పట్టుకుని కూర్చున్న జ్వరం రోగులు కూడా లేచి దారి ఇస్తారు. ఎవరూ "నా నంబరు ముందు" అనరు. కాలేయ మార్పిడి జాబితా కూడా ఈ రెండో పద్ధతిలోనే నడవాలన్నది ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న మాట. ఎవరు ముందు వచ్చారన్నది కాదు, కాలేయం అందకపోతే ఎవరు ముందు చనిపోతారన్నదే అసలు ప్రశ్న.

అయితే అది తేల్చడం ఎలా? పాముకాటు కంటికి కనిపిస్తుంది. సిరోసిస్ ముదిరిన పదిమందిని పక్కపక్కన కూర్చోబెడితే, వారిలో మూడు నెలలు దాటని మనిషి ఎవరో అనుభవమున్న డాక్టరు కూడా కచ్చితంగా చెప్పలేడు. అమెరికాలో 2002 వరకు, రోగి ఇంట్లో ఉన్నాడా, ఆసుపత్రిలో ఉన్నాడా, ఐ.సి.యు.లో ఉన్నాడా అని చూసేవారు. పొట్టలో నీరు ఎంత ఉంది, మత్తు ఎంత ఉంది అని డాక్టరు చేసే అంచనా చూసేవారు. ఆపైన ఎన్నాళ్ళుగా వేచి ఉన్నాడన్నది చూసేవారు. దీనితో ఏమైందంటే, తెలివైనవాళ్ళు జబ్బు ముదరకముందే పేరు రాయించి పెట్టుకున్నారు. ఎంతకాలం వేచి ఉన్నారన్నది సరైన కొలత కాదని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో తేల్చి చెప్పింది.

మెల్డ్ అనే లెక్క అప్పటికే తయారవుతూ ఉంది. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2000లో దీన్ని ప్రచురించారు. నిజానికి దాన్ని మార్పిడి కోసం చేయలేదు. కాలేయంలో రక్తపు ఒత్తిడి తగ్గించడానికి లోపల చిన్న గొట్టం అమర్చే చికిత్స ఒకటుంది. అది చేయించుకున్న 231 మందిలో ఎవరు బతుకుతారు, ఎవరు బతకరు అని అంచనా వేయడానికి చేసిన లెక్క అది. అదే లెక్క వేచి ఉన్నవారికీ సరిపోతుందని తేలడంతో, 2002 ఫిబ్రవరి 27 నుంచి అమెరికా దేశమంతా దాని ప్రకారమే కాలేయాలు కేటాయించసాగింది. తర్వాత ఎన్నో దేశాలు ఆ దారి పట్టాయి.

మూడు రక్తపరీక్షలు, ఒక లెక్క

మెల్డ్‌కు కావలసినవి మూడే. కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐ.ఎన్.ఆర్. మూత్రపిండాల పని చెప్పే క్రియాటినిన్. ఈ మూడూ మన దగ్గర చిన్న పట్టణాల లాబుల్లో కూడా చేస్తారు. వీటి నుంచి 6కూ 40కీ మధ్య ఒక అంకె వస్తుంది. ఎక్కువ మార్కులు వస్తే సంతోషించే పరీక్ష కాదిది. అంకె పెరిగే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది, దానితో పాటే జాబితాలో స్థానమూ పైకి వెళుతుంది.

ఇంట్లో ఇంటర్ లెక్కలు చదివే పిల్లలుంటే వారి చేత వేయించవచ్చు. ఒక్కొక్క విలువకు సహజ లాగరిథమ్, అంటే తెలుగు మీడియం వారు చెప్పే సంవర్గమానం, కట్టాలి. బిలిరుబిన్‌ది 3.78తో, ఐ.ఎన్.ఆర్.ది 11.2తో, క్రియాటినిన్‌ది 9.57తో హెచ్చించి, మూడూ కూడి, 6.43 కలపాలి. ఏ విలువైనా 1 కంటే తక్కువ ఉంటే 1గానే తీసుకోవాలి. ఇందులో రోగి పేరు లేదు, కులం లేదు, ఎన్ని ఎకరాలున్నాయన్నది లేదు, ఎవరి సిఫారసు ఉత్తరమూ లేదు. డాక్టరుకు రోగి మీద ఉన్న జాలి కూడా లేదు. మా దృష్టిలో దీని పెద్ద గుణం ఇదే.

లెక్క పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. అమెరికా జాబితాలోని 3,437 మందిని పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, 9 లోపు మార్కులున్నవారిలో మూడు నెలల్లో చనిపోయినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. 40 మార్కులవారిలో నూటికి 71 మంది పోయారు. ఇంకో సంగతి కూడా తర్వాత బయటపడింది. 15 లోపు మార్కులున్నవారికి తొందరపడి మార్పిడి చేస్తే, మొదటి ఏడాదిలో వచ్చే మేలు కంటే ఆపరేషన్ వల్ల వచ్చే ముప్పే ఎక్కువని 2005లో చూపించారు. "మాకు తక్కువ మార్కులు వేసి వెనక్కి నెట్టారు" అని బాధపడే కుటుంబాలకు మేము ఈ మాట చెబుతుంటాము. తక్కువ మార్కులంటే చాలాసార్లు ఇంకా సొంత కాలేయమే మేలని అర్థం.

లెక్కకు కనిపించనివి

ఇంతమాత్రాన ఇది అందరికీ సమానంగా న్యాయం చేస్తుందని చెప్పలేము.

క్రియాటినిన్ అనేది కండరాల నుంచి వచ్చే పదార్థం. కండ తక్కువున్న మనిషిలో అది తక్కువగానే ఉంటుంది. స్త్రీలకు సహజంగా కండ తక్కువ. అందువల్ల మూత్రపిండాలు అంతే పాడైనా, స్త్రీ రిపోర్టులో అంకె చిన్నదిగా కనిపిస్తుంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. యాభై ఏళ్ళ భార్యాభర్తలిద్దరికీ బిలిరుబిన్ 4, ఐ.ఎన్.ఆర్. 1.8 అనుకోండి. భర్త క్రియాటినిన్ 1.3, భార్యది 1.0. రిపోర్టు చూసినవారు ఆమె మూత్రపిండాలు బాగున్నాయనుకుంటారు. నిజానికి ఆ వయసులో ఆ రెండు అంకెలకూ మూత్రపిండాల సామర్థ్యం ఇంచుమించు ఒకటే. కానీ మెల్డ్ లెక్కలో ఆయనకు 21 వస్తుంది, ఆమెకు 18. జబ్బు ఒకటే అయినా ఆమె మూడు మెట్లు కింద నిలబడుతుంది.

ఇది కాగితం మీది తేడా మాత్రమే కాదు. మెల్డ్ వచ్చాక అమెరికాలో స్త్రీలకు మార్పిడి జరగడం తగ్గిందనీ, వేచి ఉండగానే చనిపోయేవారిలో వారి వాటా పెరిగిందనీ అధ్యయనాలు చూపాయి. శరీరం చిన్నది కావడం వల్ల పెద్ద కాలేయం అమరకపోవడం కూడా ఒక కారణం. లెక్కను ఆ తర్వాత రెండుసార్లు సరిచేశారు. 2016లో రక్తంలోని సోడియం చేర్చారు. 2023 జూలై నుంచి అమెరికాలో వాడుతున్న మెల్డ్ 3.0లో అల్బుమిన్ చేర్చారు, క్రియాటినిన్‌కు ఇచ్చే ప్రాధాన్యం కొంత తగ్గించారు, స్త్రీలకు 1.33 మార్కులు కలిపారు. తప్పు తెలుసుకుని దిద్దడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఇరవై ఏళ్ళలో పోయినవారి సంగతి ఏమిటని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

మన ప్రాంతంలో ఇంకొకటి కూడా ఆలోచించాలి. కాలేయ జబ్బు ముదిరినవారి ఒంట్లో కండ కరిగిపోతుంది. చేతులు పుల్లల్లాగా, పొట్ట కుండలాగా ఉన్న మనిషిని మీరు చూసే ఉంటారు. అలాంటివారిలో, మగవారైనా సరే, క్రియాటినిన్ అంకెను పూర్తిగా నమ్మలేము.

రక్తంలో కనబడని బాధలు కూడా ఉన్నాయి. వారం వారం పొట్టలో నీరు తీయించుకునేవారు, మత్తులో పడి ఇంట్లోవాళ్ళనే గుర్తుపట్టనివారు, రాత్రంతా దురదతో నిద్రలేనివారు - వీరి మార్కులు ఒక్కోసారి పన్నెండో పదమూడో ఉంటాయి. కాలేయ కాన్సర్ ఉన్నవారి సంగతి మరీ వింత. కాలేయం ఇంకా పనిచేస్తూ ఉంటుంది కనుక మార్కులు రావు. మార్కులు వచ్చేదాకా ఆగితే గడ్డ పెరిగి మార్పిడికే పనికిరాకుండా పోతుంది. అందుకే వీరికి విడిగా మార్కులు కలుపుతారు. మొదట్లో అమెరికాలో మరీ ఎక్కువ కలిపి, మిగతావారికి అన్యాయం జరుగుతోందని తర్వాత తగ్గిస్తూ వచ్చారు. ఎన్ని కలిపితే న్యాయమో ఇప్పటికీ తర్జనభర్జనే.

లెక్కను ఇంకా పెద్దది చేస్తే మెరుగవుతుందా? బ్రిటన్‌వారు 2018 మార్చిలో ఆ పని చేశారు. రోగివి 21, దాతవి 7 వివరాలు తీసుకుని, ఎవరికి ఇస్తే ఎక్కువ మేలు జరుగుతుందో కంప్యూటర్ చేత కట్టించారు. ఆ మేలును అయిదేళ్ళ వరకే కొలిచారు. పాతికేళ్ళ మనిషికి కొత్త కాలేయంతో ముప్పై నలభై ఏళ్ళు రావచ్చు, కానీ లెక్క అయిదు దగ్గరే ఆగిపోతుంది. దానితో యువకులు జాబితాలో వెనకబడ్డారు. సిరోసిస్‌తో పాటు కాన్సర్ కూడా ఉన్నవారికి, కాన్సర్ లేనివారికంటే తక్కువ మార్కులు పడుతున్నాయని కూడా అక్కడి పరిశోధకులే బయటపెట్టారు. వివరాలు పెరిగేకొద్దీ తప్పు ఎక్కడుందో కనిపెట్టడం కష్టమవుతుంది. మూడు పరీక్షల లెక్కయితే ఇంటర్ పిల్లవాడు కూడా సరిచూడగలడు.

అంకెలను మార్చి రాస్తే? 2012లో జర్మనీలోని గెట్టింగెన్ పట్టణంలో సరిగ్గా అదే బయటపడింది. డయాలసిస్ జరగని రోగులకు జరిగినట్లు రాసి మార్కులు పెంచారు. సంగతి పత్రికలకెక్కాక ఆ దేశంలో అవయవదానం చేసేవారే తగ్గిపోయారు. ఒక ఊరిలో జరిగినదానికి దేశమంతా ఉన్న రోగులు మూల్యం చెల్లించారు.

జాబితా వరకు వెళ్ళడం

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. డబ్బు పనిచేస్తుందా?

ఆపిల్ కంపెనీ స్థాపకుడు స్టీవ్ జాబ్స్‌కు 2009లో కాలేయ మార్పిడి జరిగింది. ఆయన ఉండేది కాలిఫోర్నియాలో, మార్పిడి జరిగింది ఎంతో దూరంలోని టెన్నెసీ రాష్ట్రంలో. కాలిఫోర్నియాలో వేచి ఉండాల్సిన కాలం ఎక్కువ, టెన్నెసీలో తక్కువ. కాలేయం దొరికిన సమయానికి ఆ జాబితాలో ఆయన రక్తపు గ్రూపువారిలో అందరికంటే ఎక్కువ మెల్డ్ మార్కులు ఆయనవేనని ఆ ఆసుపత్రి చెప్పింది. అంటే లెక్కలో మోసం లేదు. అయితే కబురు రాగానే విమానంలో దిగగలిగిన మనిషి కనుకనే దూర రాష్ట్రంలో పేరు రాయించుకోగలిగాడు. లెక్క అందరికీ ఒకటే, జాబితా దాకా చేరే స్తోమత మాత్రం ఒకటి కాదు.

మన దగ్గర పరిస్థితిని ఇలాగే అర్థం చేసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన జీవన్‌దాన్ పథకం, బ్రెయిన్ డెత్ అయినవారి అవయవాలను కేటాయించే ఏర్పాటు. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాలకూ వేర్వేరు జీవన్‌దాన్‌లు ఏర్పడ్డాయి. రోగి నేరుగా పేరు రాయించుకోలేడు. మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే నమోదు కావాలి. మన దేశంలో చాలాచోట్ల కాలేయం వచ్చినప్పుడు అది ముందు ఏ ఆసుపత్రికి వెళ్ళాలన్నది వంతుల వారీగానో, దాత ఉన్న ఆసుపత్రికి మొదటి అవకాశం ఇచ్చో తేలుస్తారు. ఆ తర్వాతే ఆ ఆసుపత్రి జాబితాలో ఎవరికి అన్నది వస్తుంది. అక్కడ మెల్డ్‌తో పాటు రక్తపు గ్రూపు, శరీరపు సైజు, ఎంత త్వరగా రాగలడు అన్నవీ చూస్తారు. కనుక మీ తర్వాత రాయించుకున్నాయనకు ముందు జరిగిందంటే, ఆయన జబ్బు ముదిరి ఉండవచ్చు, గ్రూపు కలిసి ఉండవచ్చు, ఆయన ఆసుపత్రి వంతు వచ్చి ఉండవచ్చు. మొదటి రెండూ న్యాయమైన కారణాలే. మూడోది న్యాయమని మేము అనలేము. ఒక ఆసుపత్రిలో 32 మార్కుల రోగి వేచి ఉండగా, వంతు వచ్చిన ఇంకో ఆసుపత్రిలో 19 మార్కుల రోగికి కాలేయం అందడం ఈ పద్ధతిలో జరగగల పనే. వంతులు పెట్టడానికి కారణం లేకపోలేదు. దాతలను గుర్తించి, వారి కుటుంబాలతో మాట్లాడే శ్రమ తీసుకున్న ఆసుపత్రులను ప్రోత్సహించడం కోసం అలా పెట్టారు.

దొరికేవే తక్కువ. 2023లో దేశం మొత్తం మీద మరణానంతర దాతలు 1,099 మంది. మన జనాభాలో పది లక్షలకు ఒక్కరు కూడా కారు. ఆ ఏడాది దేశంలో జరిగిన కాలేయ మార్పిడులు 4,491. వాటిలో ఎక్కువ భాగం బతికున్న బంధువు తన కాలేయంలో ముక్క ఇచ్చినవే. అక్కడ మార్కుల ప్రసక్తి అంతగా లేదు. ఇవ్వగల మనిషి ఇంట్లో ఉన్నారా, ఖర్చు పెట్టుకోగలరా అన్నవే చూస్తారు.

ఎవరి కోసం ఎవరు ఇస్తున్నారు? 1995 నుంచి 2021 వరకు దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడులలో అవయవం అందుకున్న మగవారు 29,695 మంది, ఆడవారు 6,945 మంది. ఇది అన్ని అవయవాలకూ కలిపిన లెక్క. తాగుడు వల్ల వచ్చే సిరోసిస్ మగవారిలో ఎక్కువ కనుక కొంత తేడా సహజమే. కానీ నలుగురికి ఒకరు అనేంత తేడాను జబ్బు ఒక్కటే తేలేదు. బతికుండగా ఇచ్చేవారిలో మాత్రం భార్యలు, తల్లులే ఎక్కువ. తల్లికి జబ్బు వస్తే "ఈ వయసులో నాకెందుకురా" అని ఆమే అనేస్తుంది, ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు. మెల్డ్ 3.0 ఇచ్చే 1.33 మార్కులు జాబితాలో పేరున్న స్త్రీకే పనికొస్తాయి. 2025 ఆగస్టులో జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ, వేచి ఉన్న స్త్రీలకూ, మరణానంతరం అవయవాలు ఇచ్చినవారి దగ్గరి బంధువులకూ ప్రాధాన్యం ఇవ్వమని రాష్ట్రాలకు సూచించింది. మంచి సూచనే. పేరు రాయించే పని మాత్రం ఇంట్లోవాళ్ళదే.

తాగుడు వల్ల కాలేయం పోయినవారి గురించి సంఘంలో వినిపించే మాట మాకు తెలుసు. "చేసుకున్నదే కదా, అలాంటివాడికి ఇవ్వడం దేనికి?" అంటారు. మెల్డ్ లెక్క ఈ ప్రశ్న అడగదు. కానీ జాబితాలో చేర్చే ముందు చాలా ఆసుపత్రులు ఆరు నెలలు మానేసి ఉండాలంటాయి. దీనికి ఒక మంచి కారణం ఉంది. మానేస్తే కొందరి కాలేయం తేరుకుని మార్పిడే అవసరం లేకుండా పోతుంది. అయితే ఆరు నెలలు బతకని రోగులూ ఉన్నారు. ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు అలాంటివారిలో జాగ్రత్తగా ఎంచినవారికి ఆగకుండా మార్పిడి చేసి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తర్వాత మార్పిడి జరిగినవారిలో నూటికి 77 మంది బతికి ఉన్నారు, జరగనివారిలో 23 మంది. మా వరకు మేము ఎవరు అర్హులని తూచడానికి కూర్చోము. మళ్ళీ తాగకుండా నిలబెట్టే మనుషులు ఇంట్లో ఉన్నారా అని అడుగుతాము.

ఈ లెక్కలన్నిటికీ బయట ఒక అత్యవసర వర్గం ఉంది. నిన్నటిదాకా బాగున్న కాలేయం కొద్ది రోజుల్లో కుప్పకూలినవారు. వీరికి మెల్డ్‌తో పనిలేకుండా ముందు చోటు ఇస్తారు. మన తెలుగు జిల్లాల్లో దీనికి ముఖ్యమైన కారణాలలో ఒకటి పసుపు భాస్వరం ఉన్న ఎలుకల మందు పేస్టు. అది మింగినవారు మొదటి ఒకటి రెండు రోజులు బాగానే కనిపిస్తారు. ఆ తర్వాతే కామెర్లు మొదలవుతాయి. "తేరుకున్నాడు" అని ఇంటికి తీసుకుపోయి మూడో రోజు తెచ్చేసరికి సమయం చేజారుతోంది. బాగున్నా సరే వెంటనే తీసుకురండి. పొలం ఇంట్లో అలాంటి డబ్బా ఉంటే ఈ రోజే తీసేయండి. ఇంట్లో ఎవరైనా బతుకు మీద విరక్తితో మాట్లాడుతుంటే వారిని ఒంటరిగా వదలక మా దగ్గరకు తీసుకురండి.

జాబితాలో పేరున్న కుటుంబాలు తమ ఆసుపత్రిలో ఇవి అడగవచ్చు. మా మెల్డ్ ఎంత, ఏ తేదీ రిపోర్టు మీద కట్టారు? సోడియం కలిపి కట్టారా? స్త్రీ అయితే, మెల్డ్ 3.0 ప్రకారం ఎంత వస్తుంది? కాలేయం వచ్చినప్పుడు ఆసుపత్రుల మధ్య వంతు ఎలా నడుస్తోంది? నమోదుకు రుసుము తీసుకోవద్దనీ, వేరే రాష్ట్రంవారనే కారణంతో నమోదు నిరాకరించవద్దనీ కేంద్రం 2023లో రాష్ట్రాలకు చెప్పింది. ఆ సంగతి గుర్తుంచుకోండి. ఖర్చు విషయంలో మీ కార్డు మీద దేనికి ఎంత వర్తిస్తుందో ముందుగానే ఆరోగ్యమిత్రతో మాట్లాడండి.

పరీక్షలు పాతబడితే మార్కులూ పాతబడతాయి. జబ్బు ముదిరినా జాబితాలో పాత అంకే ఉండిపోతుంది. కాలేయ రోగుల్లో ఐ.ఎన్.ఆర్. ఒక లాబుకూ మరో లాబుకూ తేడా రావచ్చు కనుక ప్రతిసారీ ఒకే లాబులో చేయించండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, వాటి వల్ల కూడా ఐ.ఎన్.ఆర్. పెరుగుతుంది. కాలేయం బయట నిలవ ఉండేది సుమారు 8 నుంచి 12 గంటలే. కబురు అర్ధరాత్రి రావచ్చు. ఎవరి కారు, ఎవరు తోడు, డబ్బు ఎక్కడుంది అన్నవి ముందే అనుకుని ఉంచుకోండి. రోగి ఫోనుతో పాటు ఇంకో ఇద్దరి నంబర్లు ఆసుపత్రిలో రాయించండి. మా దగ్గరకు పరీక్షలకు వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తెస్తే, మార్కులు కట్టి, తేదీ వేసి, కాగితం మీద రాసి ఇస్తాము.